ఒకే ఆల్బమ్, ఇద్దరు గాయకులు: బ్లాక్ సబ్బాత్ ‘ది ఎటర్నల్ ఐడల్’ (1987) ఎవరిదని చెప్పాలి?

ఇనుపతీగ:

సభ్యులందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒకే ఆల్బమ్‌ను రెండు గొంతులతో మార్చి మార్చి వింటున్నాను. ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ 1987లో విడుదల చేసిన ‘ది ఎటర్నల్ ఐడల్’ను టోనీ మార్టిన్ గొంతుతో వినడం నాకు ఇరవై ఏళ్లుగా అలవాటు. అయితే 2010లో వచ్చిన రెండు సీడీల సంచికలో, మార్టిన్ కంటే ముందు రే గిలెన్ పాడిన ఎనిమిది పాటలను కూడా చేర్చారు. ఆ రెండో సీడీని నేను ఇన్నాళ్లూ శ్రద్ధగా వినలేదు. ఇప్పుడు విన్న తర్వాత నాకు బాగా తెలుసనుకున్న ఆల్బమ్ మీదే ఒక సందేహం పుట్టింది.

నేపథ్యం తెలియని వారి కోసం కొంత చెబుతాను. 1970లో మొదటి ఆల్బమ్ విడుదల చేసిన నలుగురిలో 1986 నాటికి బ్యాండ్‌లో మిగిలింది గిటారిస్టు టోనీ అయోమీ ఒక్కడే. ఆ ఏడాది వచ్చిన ‘సెవెంత్ స్టార్’ను ఆయన తన సొంత పేరుతో విడుదల చేయాలనుకున్నాడు. రికార్డు కంపెనీ పట్టుబట్టడంతో దాని అట్ట మీద ‘బ్లాక్ సబ్బాత్ ఫీచరింగ్ టోనీ అయోమీ’ అని వేయవలసి వచ్చింది. ఆ ఆల్బమ్‌లో పాడిన గ్లెన్ హ్యూస్ కొన్ని కచేరీలకే తప్పుకోవడంతో, 26 ఏళ్ల అమెరికన్ గాయకుడు గిలెన్ ఆ స్థానంలోకి వచ్చాడు. తర్వాతి ఆల్బమ్ పని కరీబియన్ దీవి మాంట్‌సెరాట్‌లోని ఎయిర్ స్టూడియోలో మొదలైంది. అది పూర్తయ్యేలోపు గాయకుడు, బేస్ వాయించేవాడు, డ్రమ్మర్, నిర్మాత అందరూ మారిపోయారు.

నా ప్రశ్న ఇది. ఒకరు పాడి వదిలి వెళ్లిన బాణీని మరొకరు మళ్లీ పాడితే, ఆ పాట ఎవరిది?

నల్లరిబ్బను:

ఇనుపతీగ గారూ, నా వరకు ఈ ఆల్బమ్ టోనీ మార్టిన్‌దే. అందులో నాకు ఏ సందేహమూ లేదు.

నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు మా హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర ఈ ఆల్బమ్ క్యాసెట్ ఉండేది. అది అసలు క్యాసెట్ కాదు, ఎవరి దగ్గరో కాపీ చేయించుకున్నది. పైన కాగితం మీద నీలి బాల్‌పెన్నుతో పాటల పేర్లు, వాటి కింద ‘గానం: డియో’ అని రాసి ఉండేవి. రెండేళ్లపాటు మేమంతా అది అంతకుముందు సబ్బాత్‌కు పాడిన రానీ జేమ్స్ డియో గొంతే అనుకున్నాం. ఆ పొరపాటు మా హాస్టల్లోనే జరిగిందని నేను అనుకోను. మార్టిన్ తొలి ఆల్బమ్ వినగానే చాలామంది విమర్శకులు కూడా డియో పోలికే తెచ్చారు. అయితే ఆ పోలిక మార్టిన్‌కు చేసిన మేలు కంటే కీడే ఎక్కువ. డియో ప్రతి మాటనూ ఆజ్ఞలా పలుకుతాడు. మార్టిన్ గొంతులో బలంతోపాటు ఒక నమ్రత ఉంటుంది. ‘ది షైనింగ్’ ఎత్తుగడలో గిటార్ తీగలు ఒక్కొక్కటిగా మోగి, ఆ వెంటనే బరువైన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుస) వచ్చిపడినప్పుడు, దాని మీదికి గొంతు ఎలా ఎక్కుతుందో వినండి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు తన వంతు పనిని ప్రాణం పెట్టి చేస్తున్నట్టు ఉంటుంది.

డబ్బింగ్_థియేటర్:

నేను హైదరాబాద్‌లో చాలా కాలంగా సౌండ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను కాబట్టి, ఇలాంటి పని ఎలా జరుగుతుందో చెప్పగలను. మన సినిమా రంగంలో ట్రాక్ పాడటం అనే పద్ధతి అందరికీ తెలిసిందే. అసలు గాయకుడు అందుబాటులోకి వచ్చేలోగా వేరొకరు పాట పాడి ఉంచుతారు. తర్వాత ఆ ట్రాక్ వింటూ అసలు గాయకుడు పాడతాడు, ట్రాక్ పాడిన గొంతును తీసేస్తారు.

ఆ పనిలో బయటివారికి తెలియని కష్టం ఒకటుంది. సంగీతం అప్పటికే పూర్తయిపోయి ఉంటుంది కనుక శ్రుతి మార్చడానికి వీలుండదు, చరణానికీ పల్లవికీ మధ్య ఉన్న ఖాళీ పెంచడానికీ వీలుండదు. మొదట పాడినవాడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, రెండోవాడు కూడా అక్కడే తీసుకోవాలి. హెడ్‌ఫోన్స్‌లో ముందువాడి గొంతు వినిపిస్తుండగా దాని నీడ పడకుండా పాడటం ఎంతో అనుభవం ఉన్నవారికి కూడా తేలిక కాదు. మార్టిన్ చేసింది సరిగ్గా ఇదే. బాణీలు సిద్ధంగా ఉన్నాయి, మాటలు సిద్ధంగా ఉన్నాయి, సమయం కొద్ది రోజులే. రెండు సీడీలనూ పక్కపక్కన పెట్టి వింటే, చాలా చోట్ల మార్టిన్ గిలెన్ వేసిన దారిలోనే నడిచాడని స్పష్టంగా తెలుస్తుంది. అలా నడుస్తూనే తన గొంతును నిలబెట్టుకున్నాడు కనుక నేను మార్టిన్‌ను ఎక్కువ గౌరవిస్తాను.

సగం_వెన్నెల:

డబ్బింగ్ థియేటర్ గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతున్నాను. రే గిలెన్‌ను ట్రాక్ పాడినవాడిగా చూడటం అన్యాయం. ట్రాక్ పాడేవాడికి తన గొంతు తీసేస్తారని ముందే తెలుసు, దానికి ఒప్పుకునే పాడతాడు. గిలెన్ బ్యాండ్ గాయకుడిగా ‘సెవెంత్ స్టార్’ పర్యటనలో వేదిక ఎక్కాడు, తన ఆల్బమ్ అన్న నమ్మకంతోనే మాంట్‌సెరాట్‌లో పాడాడు. డబ్బు చిక్కులు, యాజమాన్యంలో గందరగోళం పెరిగిన తర్వాతే వెళ్లిపోయాడు.

పైగా ఆ గొంతులో ఉన్నది వేరే రక్తం. మార్టిన్ పాటను గంభీరంగా నిలబెడతాడు, గిలెన్ బ్లూస్ గాయకుడిలా దాన్ని లాగి వదులుతాడు. ‘హార్డ్ లైఫ్ టు లవ్’, ‘బార్న్ టు లూజ్’ మార్టిన్ గొంతులో నాకు ఎప్పుడూ మామూలు పాటల్లాగే అనిపించాయి. గిలెన్ గొంతులో విన్న తర్వాతే అవి ఎవరి కోసం కట్టిన బాణీలో అర్థమైంది. కొలతలు ఒకరివి తీసుకుని, చొక్కా మరొకరికి తొడిగినట్టయింది.

ఆయన ఇక్కడి నుంచి వెళ్లిన తర్వాత గిటారిస్టు జేక్ ఇ. లీతో కలిసి బ్యాడ్‌లాండ్స్ బ్యాండ్‌లో పాడాడు. 1989లో వచ్చిన దాని మొదటి ఆల్బమ్ వింటే, సబ్బాత్ ఎవరిని పోగొట్టుకుందో తెలుస్తుంది. ఆయన 1993 డిసెంబరులో, 34 ఏళ్ల వయసులోనే మరణించాడు. తాను పాడిన ‘ఎటర్నల్ ఐడల్’ అధికారికంగా బయటికి రావడాన్ని ఆయన చూడలేదు. ఈ విషయం గుర్తొచ్చినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

తాళగతి:

గాయకుల గురించి మాత్రమే మాట్లాడుకుంటే ఈ ఆల్బమ్ కథ సగమే చెప్పినట్టవుతుంది. డ్రమ్స్ వాయించింది ఎరిక్ సింగర్, తర్వాతి కాలంలో కిస్ బ్యాండ్‌లో స్థిరపడిన ఆయనే. గిలెన్ వెళ్లినప్పుడు సింగర్ కూడా వెళ్లిపోయి, తర్వాత అదే బ్యాడ్‌లాండ్స్‌లో చేరాడు. అంటే మార్టిన్ స్టూడియోలోకి వచ్చేసరికి, ఏ డ్రమ్స్ మీద తాను పాడాలో ఆ డ్రమ్స్ వాయించినవాడు లేడు. అట్ట మీద పేర్లు కలిసి ఉన్నా, మనుషులు కలిసి వాయించలేదన్నమాట.

ఆ తర్వాత ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా డ్రమ్మర్ బెవ్ బెవన్ వచ్చి కొన్ని తాళవాద్యాలు చేర్చాడు. 1983 నాటి పర్యటనలో ఆయన సబ్బాత్‌కు డ్రమ్స్ వాయించిన మనిషే. కానీ 1987లో బ్యాండ్ దక్షిణాఫ్రికాలోని సన్ సిటీలో కచేరీలకు ఒప్పుకుంది. వర్ణవివక్ష ప్రభుత్వానికి నిరసనగా ప్రపంచ కళాకారులు ఆ దేశాన్ని బహిష్కరిస్తున్న రోజులవి. బెవన్ అక్కడ వాయించనని చెప్పి తప్పుకున్నాడు. ఆ స్థానంలోకి ద క్లాష్ బ్యాండ్‌లో వాయించిన టెర్రీ చైమ్స్ వచ్చాడు. నేను సబ్బాత్‌ను ఎంత అభిమానించినా, ఆ కచేరీలను సమర్థించలేను. బెవన్ చేసింది సరైన పని.

‘ది షైనింగ్’ వీడియో చూసినవారు ఒక విషయం గమనించి ఉంటారు. అందులో డ్రమ్స్ దగ్గర చైమ్స్ ఉంటాడు కానీ, ఆల్బమ్‌లో వాయించింది ఆయన కాదు. బేస్ పట్టుకుని నిలబడిన వ్యక్తి బ్యాండ్ సభ్యుడే కాదు, చిత్రీకరణ కోసం తెచ్చి నిలబెట్టిన మనిషి.

మందరస్థాయి:

బేస్ సంగతి నేను చెబుతాను. నేను బేస్ నేర్చుకున్నదే ఈ కాలపు ఆల్బమ్‌లు విని కాబట్టి, ఇది నాకు సొంత ఇంటి గొడవలాంటిది.

అట్ట మీద బేస్ దగ్గర రెండు పేర్లు ఉంటాయి: డేవ్ స్పిట్జ్, బాబ్ డైస్లీ. స్పిట్జ్ ‘సెవెంత్ స్టార్’ కాలం నుంచి ఉన్నవాడు, మధ్యలో వెళ్లిపోయాడు. అప్పుడు డైస్లీ వచ్చి బేస్ భాగాలు మళ్లీ వాయించాడు. పాటల సాహిత్యంలోనూ ఎక్కువ భాగం తానే రాశానని ఆయన చెప్పారు. ఆ మాటను నేను నమ్ముతాను, ఎందుకంటే సబ్బాత్ మొదటి గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ తొలి సొంత ఆల్బమ్‌ల సాహిత్యమూ డైస్లీదే. తర్వాత ఆయన గ్యారీ మూర్ బ్యాండ్‌తో పనికి వెళ్లిపోయాడు. ఒక్క పర్యటన కూడా చేయలేదు, బ్యాండ్ ఫోటోలో నిలబడలేదు, కానీ ఈ ఆల్బమ్‌లో మనం పాడుకునే మాటలు చాలావరకు ఆయనవే.

ఈ సందర్భంలో మరొక సంగతి చెప్పకుండా ఉండలేను. ఆజీ మొదటి రెండు సొంత ఆల్బమ్‌లను 2002లో మళ్లీ విడుదల చేసినప్పుడు, డైస్లీ వాయించిన బేస్‌నూ లీ కెర్స్‌లేక్ వాయించిన డ్రమ్స్‌నూ తుడిచేసి, ఆ స్థానంలో వేరేవారి చేత వాయించి పెట్టారు. అభిమానులు తీవ్రంగా వ్యతిరేకించారు. చివరికి 2011 సంచికలో అసలు వాద్యాలు తిరిగి వచ్చాయి. అంటే డైస్లీ ఒకసారి ఇంకొకరి బేస్ స్థానంలో తన బేస్ పెట్టాడు, మరొకసారి తన బేస్‌నే పోగొట్టుకున్నాడు. అయితే రెండింటికీ పెద్ద తేడా ఉంది. ‘ఎటర్నల్ ఐడల్’ విషయంలో మార్పు ఆల్బమ్ బయటికి రాకముందే జరిగింది. ఆజీ ఆల్బమ్‌ల విషయంలో, ఇరవై ఏళ్లుగా లక్షలమంది గుండెల్లో ఉన్న శబ్దాన్ని తుడిచేశారు. మొదటిది పని అవసరం. రెండోదాన్ని నేను క్షమించలేను.

కొండపల్లి_బొమ్మ:

ఇక్కడ ట్రాక్ పాడటం అనే పోలిక వచ్చింది. నాకు మా తాతగారితో కలిసి చూసిన పద్య నాటకాలు గుర్తొస్తున్నాయి. రాయబార ఘట్టం నాటకంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వస్తారు. ఒకటో కృష్ణుడు పడక సీను వరకు పాడి లోపలికి వెళతాడు, రెండో కృష్ణుడు అదే కిరీటం, అదే పిల్లనగ్రోవితో వచ్చి సభలో కూర్చుంటాడు. జనం ఎవరూ ‘కృష్ణుడు మారాడు’ అని లేచిపోరు. పైగా ఎవరి పద్యం ఎలా ఉందో తెల్లవారేదాకా కూర్చుని వింటారు. వన్స్‌మోర్లు కూడా వేస్తారు.

అందువల్ల బ్లాక్ సబ్బాత్‌లో గాయకుడు మారాడని పాశ్చాత్య అభిమానులు పడే బాధ నాకు పూర్తిగా అర్థం కాదు. పాత్ర నిలబడుతున్నప్పుడు నటుడు మారితే నష్టమేమిటి? అయోమీ గిటార్ ఉన్నంతవరకు పాత్ర ఉన్నట్టే కదా.

సగం_వెన్నెల:

మీ పోలిక చాలా బాగుంది కానీ, ఒకచోట కుదరడం లేదు. నాటకంలో ఒకటో కృష్ణుడు తన పద్యాలు పాడి, చప్పట్లు అందుకునే లోపలికి వెళతాడు. కరపత్రంలో కూడా ముగ్గురు కృష్ణుల పేర్లూ వేస్తారు. ఇక్కడ ఒకటో గాయకుడి పద్యాలు జనానికి వినిపించకుండానే తెర దించారు. 1987 అట్ట మీద గాయకుడిగా ఉన్నది మార్టిన్ పేరు ఒక్కటే. నా అభ్యంతరం మనిషి మారడం మీద కాదు, పేరు లేకపోవడం మీద.

బర్మింగ్‌హామ్_వాసి:

నేను తొమ్మిదేళ్లుగా బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. ఈ ఊరివాళ్లు సబ్బాత్‌ను తమ ఇంటి మనుషుల్లా చూసుకుంటారు. 2025 జులై 5న విల్లా పార్క్ మైదానంలో అసలు నలుగురూ చివరిసారి కలిసి వాయించిన తర్వాత, అదే నెల 22న ఆజీ మరణించినప్పుడు వీధుల్లో పూలు పెట్టి ఏడ్చిన ముసలివాళ్లను నేను కళ్లారా చూశాను. కానీ టోనీ మార్టిన్ కూడా ఈ ఊరివాడే అన్న సంగతి చాలామందికి తట్టదు. ఐదు స్టూడియో ఆల్బమ్‌లు పాడిన మనిషికి సొంత ఊరిలో దక్కవలసినంత ఆదరణ దక్కలేదని నా అభిప్రాయం.

కొండపల్లి బొమ్మ గారు అన్న ‘పాత్ర’ గురించి ఒక మాట. ఆ పాత్ర అయోమీ చేతిలో ఉంది, అది అలంకారానికి అంటున్న మాట కాదు. పదిహేడేళ్ల వయసులో ఈ ఊరి రేకుల ఫ్యాక్టరీలో, పనికి చివరి రోజున, యంత్రం కింద పడి ఆయన కుడిచేతి నడిమివేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి కాబట్టి, తీగలు నొక్కవలసిన చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేలి కొసలకు తొడుగులు చేసుకుని, వాటి మీద తోలు అతికించి, పలుచని తీగలు వేసుకుని మళ్లీ నేర్చుకున్నాడు. తర్వాతి కాలంలో తీగల బిగువు తగ్గడానికి శ్రుతిని కూడా కిందికి దించాడు. ఆ శబ్దాన్ని వేరొకరు తెచ్చిపెట్టలేరు. ‘ఎటర్నల్ ఐడల్’ చివరి పాట నెమ్మదిగా, ఒక్కో స్వరం నేల మీద బండ దించినట్టు సాగుతుంది. దాన్ని వింటే, 1970లో వాయించిన చెయ్యే 1987లోనూ వాయిస్తోందని ఎవరికైనా తెలుస్తుంది.

అట్ట మీద బొమ్మ గురించి కూడా చెప్పాలి. ఆల్బమ్ పేరు ఫ్రెంచి శిల్పి రోదాఁ చెక్కిన శిల్పానిది. మోకాళ్ల మీద నిలిచిన స్త్రీ ముందు, చేతులు వెనక్కి పెట్టుకుని మోకరిల్లిన పురుషుడు ఆమె గుండెల కింద ముఖం ఆనించి ఉంటాడు. అయితే అట్ట మీద ఉన్నది శిల్పం ఫోటో కాదు. ఇద్దరు మోడళ్లకు ఒళ్లంతా కంచు రంగు పూసి, అదే భంగిమలో నిలబెట్టి తీసిన ఫోటో. దగ్గరగా చూస్తే చర్మం మీద రంగు పొర కనిపిస్తుంది.

తాళగతి:

ఆ బొమ్మ సంగతి నాకు తెలియదు. మనుషులు వేరొకరి భంగిమలో నిలబడి ఉన్న అట్ట ఈ ఆల్బమ్‌కే దొరకడం ఆశ్చర్యంగా ఉంది.

నల్లరిబ్బను:

అందరూ మరిచిపోయిన ఒక పేరు ఉంది, జెఫ్ నికోల్స్. 1980 నాటి ‘హెవెన్ అండ్ హెల్’ నుంచి 1995 నాటి ‘ఫర్‌బిడెన్’ వరకు సబ్బాత్ కీబోర్డులు వాయించినది ఆయనే. ఎందరు గాయకులు, ఎందరు డ్రమ్మర్లు వచ్చి వెళ్లినా అయోమీ పక్కన నిలబడిన మనిషి ఆయన. కానీ కచేరీల్లో ఎక్కువగా తెర పక్కన, జనానికి కనిపించని చోట కూర్చుని వాయించేవాడు. ‘ఏన్షియంట్ వారియర్’ మొదట్లో కీబోర్డు పరిచే వాతావరణం లేకపోతే, ఆ పాటకు సగం అందం ఉండదు.

డబ్బింగ్_థియేటర్:

నిర్మాతల విషయం కూడా నమోదు చేద్దాం. ‘సెవెంత్ స్టార్’ చేసిన జెఫ్ గ్లిక్స్‌మన్ పని మొదలుపెట్టాడు, తర్వాత కొంతకాలం విక్ కాపర్‌స్మిత్-హెవెన్ చేశాడు, చివరికి క్రిస్ సంగారిడెస్ పూర్తి చేశాడు. జూడాస్ ప్రీస్ట్ ‘పెయిన్‌కిల్లర్’ నిర్మాతల్లో ఈ సంగారిడెస్ ఒకరు. ముగ్గురి చేతులు మారిన ఆల్బమ్‌లో అతుకులు కనిపించకుండా చేయడం ఆయన ప్రతిభే. నా చెవికి మిగిలిన లోపం ఒకటే. డ్రమ్స్ మీద 1980ల నాటి ప్రతిధ్వని ఎక్కువైంది, దానివల్ల అయోమీ గిటార్ దిగువ స్థాయిలో కొంత బరువు పోయింది. గిలెన్ సీడీలో శబ్దం ఇంత నున్నగా ఉండదు కానీ, గిటార్ ఇంకొంచెం దగ్గరగా వినిపిస్తుంది.

మందరస్థాయి:

అమ్మకాల గురించి కూడా చెప్పాలి కదా. అమ్మకాల పట్టికల్లో బ్రిటన్‌లో 66వ స్థానం, అమెరికాలో 168వ స్థానం. ఆ తర్వాత రికార్డు కంపెనీలతో, అంటే బ్రిటన్‌లో వెర్టిగోతోనూ, అమెరికాలో వార్నర్‌తోనూ బ్యాండ్ సంబంధం తెగిపోయింది. 1989లో ‘హెడ్‌లెస్ క్రాస్’ ఐ.ఆర్.ఎస్. సంస్థ ద్వారా వచ్చింది. ఈ మార్పు ఫలితం ఇప్పటికీ కనిపిస్తోంది. 2024లో మార్టిన్ కాలపు ఆల్బమ్‌లతో ‘ఆనో డొమినీ’ పెట్టె వచ్చినప్పుడు అందులో ఐ.ఆర్.ఎస్. విడుదల చేసిన నాలుగే ఉన్నాయి. ఆయన పాడిన మొదటి ఆల్బమ్ అయిన ఇది లేదు. మార్టిన్‌ను కొత్తగా వినడం మొదలుపెట్టే పిల్లలు, ఆయన ఎక్కడ మొదలయ్యాడో తెలియకుండానే ఆ పెట్టె కొనుక్కుంటున్నారు. దయచేసి వారికి ఈ ఆల్బమ్ పేరు చెప్పండి.

ఇనుపతీగ:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ మనసులో పెట్టుకుని నిన్న రాత్రి మళ్లీ విన్నాను, ఈసారి అసలు 1987 ఆల్బమ్‌నే. సగం వెన్నెల గారు ‘వినిపించకుండానే తెర దించారు’ అన్నారు కదా, దానికి ఒక చిన్న సవరణ ఉంది.

‘నైట్‌మేర్’ పాటలో ఒక నవ్వు వస్తుంది. గుహలోంచి వచ్చినట్టు, గొంతు లోతు నుంచి పైకి లేచే క్రూరమైన నవ్వు. పాటంతా మార్టిన్ మళ్లీ పాడాడు కానీ, ఆ నవ్వు మాత్రం గిలెన్‌దే. దాన్ని అలాగే ఉంచారు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ చోటుకు వెనక్కి వెళ్లి వెళ్లి విన్నాను. మార్టిన్ గొంతు ఆగుతుంది, గిలెన్ నవ్వుతాడు, మళ్లీ మార్టిన్ అందుకుంటాడు. సింగర్ డ్రమ్స్, డైస్లీ బేస్, నికోల్స్ కీబోర్డు, అయోమీ గిటార్ వెనక నడుస్తూనే ఉంటాయి.

సగం_వెన్నెల:

ఇనుపతీగ గారూ, ఆ నవ్వు ఇన్నేళ్లుగా వింటున్నాను, అది మార్టిన్‌ది అనుకున్నాను. ఇప్పుడే వెళ్లి వింటాను.